గోడ మీది తొమ్మిది బిళ్ళలు

"ఈ లోకంలో నేరస్థులు రెండే రకాలక్కా," అన్నాడు తమ్ముడు టీ కప్పు బల్ల మీద పెట్టి, కిటికీలోంచి సుదూరంగా చూస్తూ. "నాకు దొరికిపోయినవాళ్ళు ఒక రకం. నేను పుట్టకముందే చచ్చిపోయి బతికిపోయినవాళ్ళు రెండో రకం."

కిటికీలోంచి సుదూరంగా చూడటానికి అక్కడేమీ లేదు. మూడడుగుల అవతల పక్కింటి గోడ ఉంది. ఆ మాటకి ఆ గోడ చలించలేదు. అక్క మాత్రం, "ఇంకో కప్పు పొయ్యనా?" అంది.

"మేధావి మెదడుకి రెండే ఇంధనాలు. టీ, అనుమానం."

"అనుమానం నీ దగ్గరుందిగా. టీ పోస్తానుండు."

తమ్ముడి ఉద్యోగం బస్సు డిపోలో. ప్రయాణికులు మరిచిపోయిన సామాన్లన్నీ ఒక కౌంటర్లో పెడతారు. ఆ కౌంటర్ వెనక పన్నెండేళ్ళుగా కూర్చుని, గొడుగు పిడి చూసి మనిషి గుణం, చెప్పు అరుగుదల చూసి మనిషి గతం చెప్పేస్తున్నాడు. ఒకసారి ఒక పెద్దమనిషికి ఆయనది కాని పళ్ళసెట్టు ఇచ్చి, అది ఆయనదేనని అరగంట వాదించి నెగ్గాడు. ఆయన పెట్టుకునే వెళ్ళాడు. ఇలాంటి విజయాలు ఓ పాతిక దాకా పోగవటంతో, తనలో ఒక మహా అపరాధ పరిశోధకుడు గొడుగుల మధ్య వృథా అయిపోతున్నాడని అతనికి గట్టి నమ్మకం కుదిరింది. నాలుగు రోజులు సెలవు పెట్టి అక్కగారింటికి వచ్చింది విశ్రాంతి కోసమే. కానీ నేరం తనని వెతుక్కుంటూ వస్తే కాదనే మనిషి కాడు.

ఆ శనివారం పొద్దున తొమ్మిదింటికి వచ్చింది.

వంటింటి గుమ్మంలో అక్క భర్త నిలబడ్డాడు. ఆయన వాయిద్యాలు బాగుచేసే మేస్త్రి. వీధిలో అందరూ మేస్త్రి అనే పిలుస్తారు, మనమూ అలాగే అనుకుందాం. ఇంటి ముందుగది కొట్టు, దాని వెనక చిన్నగది పనిచోటు, ఆ వెనక ఇల్లు. పనిగదిలో మెడ విరిగిన మాండలిన్, పొట్ట పగిలిన అరబ్బు వీణ ఔద్, రొప్పే అకార్డియన్, లోపలంతా చెదలు తొలిచిన కొమ్మతో చేసిన మనిషంత పొడుగు ఊదే గొట్టం డిడ్జరీడూ, ఇలా దేశదేశాల రోగులు ఉంటారు. ఎవరి భాష వాళ్ళది. మేస్త్రికి అందరి భాషలూ వచ్చు, మనుషుల భాష ఒక్కటే అంతంతమాత్రం.

"పోయాయి," అన్నాడు మేస్త్రి.

"ఏవండీ, ఏవి?"

"తొమ్మిదీ."

తమ్ముడు కప్పు వదిలేసి లేచాడు. "తొమ్మిది ప్రాణాలా బావా?"

"గూళ్ళు."

"ఎవరూ కదలకండి!" అన్నాడు తమ్ముడు అరచెయ్యి ఎత్తి. ఎవరూ కదలటం లేదు. అక్క అత్తగారు అవతల మంచం మీద కూర్చుని చొక్కా గుండీ కుడుతోంది. ఆవిడ సూది మాత్రం ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

అక్కకి మాత్రం కాళ్ళ కింద నేల కొంచెం పక్కకి జరిగినట్టయింది. ఎందుకంటే ఆ తొమ్మిదింటినీ నిన్న సాయంత్రం ఐదున్నరకి, స్టూలు వేసుకుని, పొడుగు కర్ర చీపురుతో ఊడ్చేసింది తనే.

సంగతి ఇదీ. మేస్త్రి దగ్గర బాలాఫోన్ అనే వాయిద్యం ఒకటి మరమ్మతులో ఉంది. పశ్చిమ ఆఫ్రికాది. చెక్క పలకలు వరసగా పేర్చి, ఒక్కో పలక కింద ఒక్కో ఎండు సొరకాయ బుర్ర వేలాడదీస్తారు. కర్రలతో పలక మీద కొడితే కింద బుర్ర పలుకుతుంది. బుర్రకి పక్కన చిన్న చిల్లు ఉంటుంది. ఆ చిల్లు మీద సాలీడు గుడ్లు పెట్టుకునే తెల్లటి గూటి పొర తీసి అంటిస్తారు. పలక మోగినప్పుడల్లా ఆ పొర జుమ్మని అదురుతుంది. ఆ జుమ్మే దాని గొంతు. ఈ వాయిద్యానికి తొమ్మిది పొరలు చిరిగిపోయాయి. తొమ్మిది పొరలకి తొమ్మిది గూళ్ళు కావాలి, అవీ పిల్లలు బయటికి వెళ్ళిపోయిన ఖాళీ గూళ్ళు కావాలి.

అందుకని మేస్త్రి నాలుగు నెలలుగా పనిగది గోడ మీద సాలీళ్ళని కన్నకూతుళ్ళని పురిటికి తెచ్చుకున్నట్టు చూసుకున్నాడు. బిళ్ళలా గోడకి అతుక్కున్న ఒక్కో గూటి చుట్టూ సుద్దముక్కతో సున్నా చుట్టి, పక్కన నంబరు వేశాడు. ఒకటి నుంచి తొమ్మిది. ఇదంతా భార్యకి చెప్పాడా అంటే, చెప్పాడు. "ఆ గదిలో సాలీళ్ళుంటే ఉండనీ," అన్నాడు. అంతే. ఆవిడ దాన్ని బద్ధకం కింద జమకట్టింది.

నిజానికి ఆ గదిలో చెయ్యి పెట్టనని అక్క పదకొండేళ్ళ క్రితమే మాటిచ్చింది. పెళ్ళయిన కొత్తలో, బాగుచెయ్యడానికి వచ్చిన ఒక తబలా మధ్యలో నల్లటి గుండ్రటి మరక కనిపిస్తే, పాపం ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు కాబోలనుకుని, పీచు పెట్టి గంటన్నర తోమింది. సగం పోయింది. మిగతా సగం రేపు తోముతానని భర్తకి సంతోషంగా చెప్పింది. ఆయన కేకలెయ్యలేదు. తబలాని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఆ కూర్చోవటం చూసి అత్తగారి ఎదుటే ఒట్టు పెట్టుకుంది.

పదకొండేళ్ళు నిలబెట్టుకుంది. నిన్న సాయంత్రం టీ ఇవ్వడానికి గదిలోకి వెళితే ఆయన లేడు. గోడ ఉంది. గోడ మీద తొమ్మిది మచ్చలు, ఒక్కోదాని చుట్టూ శ్రద్ధగా సున్నా, పక్కన వరస నంబరు. ఎక్కడెక్కడ ఊడ్చాలో గుర్తు పెట్టి, నోరు తెరిచి అడగలేక మొహమాటపడుతున్నాడని ఆవిడకి అర్థమైంది. ఎంత మంచివాడు అనుకుంది. ఊడ్చింది. పైగా, వరస తప్పకుండా అన్నీ ఊడ్చినట్టు ఆయనకి తెలియాలని, సున్నాలు మాత్రం చెరపకుండా జాగ్రత్తగా వదిలేసింది. చెత్తబండి పొద్దున ఆరింటికే వచ్చి వెళ్ళిపోయింది.

"సాయంత్రం ఆరింటికి బళ్ళో ప్రోగ్రాం," అన్నాడు మేస్త్రి. "జిగురు ఆరడానికి గంట. బాలాఫోన్ వాయించే పెద్దాయన పన్నెండింటికి వస్తాడు."

అక్క నోరు తెరిచింది. "ఏవండీ, అదీ..."

"అక్కా! ఘటనా స్థలం చూసేదాకా సాక్షులు నోరు విప్పకూడదు," అన్నాడు తమ్ముడు.

పనిగదిలో తమ్ముడు గోడ ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఖాళీ సున్నాలు తొమ్మిదీ అతన్ని చూశాయి.

"హంతకుడు గుర్తులు వదిలిపెట్టాడు. సవాలు విసురుతున్నాడు," అన్నాడు మెల్లగా. "అంకెలు కూడా వేశాడు. అంటే చదువుకున్నవాడు."

"ఆ అంకెలు నేనే వేశాను బావమరిదీ," అన్నాడు మేస్త్రి.

"మిమ్మల్ని అడగలేదు బావా. మీరింకా అనుమానితుల జాబితాలో ఉన్నారు."

నేల మీద వంగి, మోకాళ్ళ మీద గదంతా తిరిగి, బెంచీ కాలి దగ్గర ఏదో దొరకబుచ్చుకుని లేచాడు. సన్నటి పుల్ల. వేళ్ళ మధ్య పట్టుకుని వెలుతురులో తిప్పాడు.

"విషపు బాణం."

"చీపురు పుల్లలా ఉందే," అంది అత్తగారు గుమ్మంలోంచి.

"అలా ఉండటమే దాని ప్రత్యేకత అత్తయ్యగారూ. దీన్ని గొట్టంలో పెట్టి దూరం నుంచి ఊదుతారు. శబ్దం ఉండదు." అంటూ గదిలో కలియజూసి, మూలనున్న డిడ్జరీడూ వైపు నాటకీయంగా వేలు చూపించాడు. "అదిగో గొట్టం!"

రుజువు చెయ్యడానికి దాన్ని ఎత్తి మూతికి పెట్టుకుని గట్టిగా ఊదాడు. పెద్దవాళ్ళ ఎదుట రాకూడని శబ్దం ఒకటి వచ్చింది. అత్తగారు మర్యాదగా కిటికీ వైపు చూసింది. తమ్ముడు ఏమీ జరగనట్టు గొట్టం కింద పెట్టాడు.

"శబ్దం ఉండదన్నావు," అన్నాడు మేస్త్రి.

"వృత్తిలో ఉన్నవాళ్ళు ఊదితే ఉండదు."

అక్క ఇక ఆగలేక అతన్ని పక్కకి లాగింది. "ఒరేయ్, ఆ పుల్ల మన చీపురుదిరా. ఊడ్చింది నేను. నిన్న ఐదున్నరకి."

తమ్ముడు ఆవిడ వంక చాలాసేపు చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చిన్నప్పుడు నేను కిటికీ అద్దం పగలగొడితే నువ్వే పగలగొట్టానని నాన్నకి చెప్పావు. నువ్వు మారలేదక్కా."

"అప్పుడు నిజంగా నేనే పగలగొట్టానురా!"

"చూశావా, ఇప్పటికీ దాస్తున్నావు. ఎవర్ని కాపాడుతున్నావో నాకు తెలియాలి." అతను జేబులోంచి చిన్న పుస్తకం తీసి, 'అక్క: అబద్ధపు ఒప్పుకోలు, ఒకటి' అని రాసుకున్నాడు.

పదింటికి అకార్డియన్ టీచరమ్మ తన అకార్డియన్ కోసం వచ్చింది. బడిపిల్లలకి దేశదేశాల జానపద పాటలు నేర్పించి, సాయంత్రం ప్రోగ్రాం నడిపించేది ఆవిడే. లోపలికి అడుగు పెడుతూనే తమ్ముడి చేతికి దొరికిపోయింది.

"నిన్న సాయంత్రం ఐదుకీ ఆరుకీ మధ్య ఎక్కడున్నారు?"

"బళ్ళో. పడవ నడిపేవాళ్ళ పాట నేర్పిస్తున్నాను. ఎందుకూ?"

"సాక్షులున్నారా?"

"ఇరవై ఆరుమంది. తలో శ్రుతిలో ఉన్నారు."

తమ్ముడు కనుబొమలు ముడిచాడు. "ఇరవై ఆరుమంది ఒక్క మాట మీద లేరంటే, సాక్ష్యం బలహీనం." బెంచీ మీది అకార్డియన్ చూశాడు. "ఈ పెట్టెలో మడతలెందుకున్నాయి? ఏం దాచారు లోపల?" రెండు చేతులా పట్టుకుని లాగాడు. అది దీర్ఘంగా మూలిగింది. "ఒప్పుకుంటోంది!" అన్నాడు. మళ్ళీ నొక్కాడు, ఇంకా దీనంగా మూలిగింది.

"బాబూ, తలకిందులుగా పట్టుకున్నారు. ఇటివ్వండి, దానికి మొన్ననే నయమైంది," అంది టీచరమ్మ. పసిపిల్లని అందుకున్నట్టు అందుకుని, బొత్తాలు సవరించి, మేస్త్రి వైపు తిరిగింది. "సాయంత్రం బాలాఫోన్ తోనే ముగింపండీ. పిల్లలు కాచుక్కూర్చున్నారు. వస్తుందిగా?"

మేస్త్రి తలూపాడు. అవునని ఊపాడో కాదని ఊపాడో ఆవిడకి తెలియలేదు. అక్కకి తెలిసింది.

పన్నెండింటికి పెద్దాయన వచ్చాడు. డెబ్భై దాటినవాడు, ఊరూరా తిరిగి ఆ ఒక్క వాయిద్యమే వాయించేవాడు. రెండు రోజులు రైల్లో కూర్చుని వచ్చాడు. బూట్లు విప్పి, చొక్కా నిమురుకుని, బాలాఫోన్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, పొర ఉన్న పలక మీద ఒక్క దెబ్బ కొట్టాడు. జుమ్మంటూ మోగింది. గొంతులో తేనెటీగ ఉన్న మనిషి పేరు పెట్టి పిలిచినట్టు ఉంది. తర్వాత పొర లేని పలక మీద కొట్టాడు. టక్కుమంది. బల్ల మీద చెంచా పడినట్టు.

మేస్త్రి జరిగింది చెప్పాడు. చిన్నచిన్న మాటల్లో చెప్పాడు, అందుకే ఇంకా కష్టంగా ఉంది వినడానికి.

పెద్దాయన కోప్పడలేదు. "కాగితం అంటిద్దామంటారా?" అన్నాడు.

"పలచటి కాగితం ఉంది. పలుకుతుంది," అన్నాడు మేస్త్రి నేల చూస్తూ.

"పలుకుతుంది. పన్నెండేళ్ళు కాగితంతోనే వాయించాను నేను. పాట వస్తుంది గానీ గొంతు కాగితానిది వస్తుంది." ఆయన పలకల మీద అరచెయ్యి ఆనించాడు. "ఇది మా గురువుగారిది బాబూ. సాయంత్రం వాళ్ళమ్మాయి వస్తోంది. నాన్న చేతిలో ఇది విని పాతికేళ్ళయింది ఆ తల్లి. పొలంలో మట్టి తవ్వేవాళ్ళ పాట ఒకటుంది. ఒకరు పిలుస్తారు, మిగతావాళ్ళు పలుకుతారు. చివరికొచ్చేసరికి మనుషులందరూ ఆగిపోతారు, ఇదొక్కటే పలుకుతుంది. అక్కడ కాగితం పలికితే ఆవిడకి తెలిసిపోతుంది. అందుకని మీకు ముందే ఉత్తరం రాశాను, గూళ్ళే కావాలని."

అక్క ఒక అడుగు ముందుకి వేసింది. ఈసారి తమ్ముడి అనుమతి కోసం చూడలేదు.

"నేనే ఊడ్చేశాను," అంది అందరి ఎదుటా. "గోడ మీద గుర్తులు చూసి, ఊడ్చమని పెట్టారనుకున్నాను. తప్పు నాదండీ. ఆయన తప్పేం లేదు."

మేస్త్రి తలెత్తి ఆవిడని చూశాడు. తర్వాత గోడ మీది ఖాళీ సున్నాలని చూశాడు. ఏదో అనబోయాడు.

"అబద్ధం నంబరు రెండు!" అన్నాడు తమ్ముడు పుస్తకం తెరుస్తూ. "ఇప్పుడు తెరలన్నీ తొలగిపోయాయి. అక్క కాపాడుతున్నది ఎవర్ని? కట్టుకున్న మొగుణ్ణి! బావా, మీరు లొంగిపోవటం మంచిది."

"నా గూళ్ళు నేనే ఎందుకు దొంగిలిస్తాను?" అన్నాడు మేస్త్రి.

"అదే మీరు వేసిన ఎత్తు. ఎవరికీ ఆ ప్రశ్న తట్టదని."

"అందరికీ అదే కదయ్యా తట్టింది," అంది అత్తగారు.

తమ్ముడు గోడ దగ్గరికి వెళ్ళి పై వరస చూపించాడు. "తొమ్మిదో నంబరు చూడండి. కప్పుకి జానెడు కింద. మా అక్క పొట్టిది. చెయ్యెత్తినా అందదు."

"స్టూలు వేసుకున్నానురా."

"స్టూలు కట్టుకథ. నేరస్థుడు కింద నుంచి రాలేదు." కళ్ళు పైకి తిప్పాడు. "పైనుంచి వచ్చాడు! ఈ కప్పు పైనేముంది?"

"అటక," అన్నాడు మేస్త్రి. "వంటింట్లోంచి ఇటుదాకా ఉంటుంది."

"దాని తలుపు?"

"వంటింట్లో, పొయ్యి పైన."

అక్క మొహంలో రక్తం లేదు. నేరం ఒప్పుకున్నప్పుడు కూడా ఇంత కంగారు పడలేదు. "అటకలో ఏమీ లేదు," అంది. "అక్కడికెందుకూ, ఏమీ లేదంటుంటే."

ఆ కంగారుకి వేరే కారణం ఉంది. అత్తగారు రోజూ సాయంత్రం నడవడానికి లేచినట్టు లేచి, కిటికీ అంచు మీద ఒకసారి, అలమర అంచు మీద ఒకసారి వేలు రాసి, ఆ వేలుని చూసుకుంటుంది. పదకొండేళ్ళుగా ఆ వేలు శుభ్రంగానే తిరిగొస్తోంది. ఆ ఇంట్లో అక్కకంటూ ఉన్న ఆస్తి అదొక్కటే. వీధిలో ఆడవాళ్ళు పిల్లల్ని తిట్టాల్సి వస్తే, 'మేస్త్రిగారింటికి వెళ్ళి చూడండి, నేల మీద అన్నం పెట్టుకు తినొచ్చు' అంటారు. అటక తలుపు మాత్రం ఆరేళ్ళుగా తెరవలేదు. తలుపున్న చోటికి వేలు పోదు కదా అని తెరవలేదు.

"చూశారా!" అన్నాడు తమ్ముడు. "నిజం దగ్గర పడేకొద్దీ సాక్షికి చెమటలు పడతాయి."

అక్క వంటింట్లోకి పరిగెత్తి పొయ్యికి అడ్డంగా నిలబడింది. తమ్ముడు ఆవిడ పక్కనుంచి బల్ల మీదికి, బల్ల మీంచి గట్టు మీదికి ఎక్కి, అటక తలుపు లాగాడు. తలుపు కిర్రుమంది. లోపలి చీకటి బయటికి చూసింది. తమ్ముడు తల ముందు పెట్టి, భుజాలు దూర్చి, నడుము దాకా పోయి, అక్కడ ఆగాడు.

"ఏమైందిరా?"

"పరిశోధన... ఇరుకైన మలుపులో ఉంది," అంది అటక.

"ఇరుక్కుపోయావా?"

"ఇరుక్కోలేదు. పొంచి ఉన్నాను."

రెండు కాళ్ళూ గాల్లో కొట్టుకున్నాయి. లోపల డబ్బాలు దొర్లాయి, ఏదో విరిగింది, ఒక తుమ్ము వినిపించింది, ఆ తర్వాత వరసగా పద్నాలుగు తుమ్ములు. చివరికి మేస్త్రి ఒక కాలు, పెద్దాయన ఒక కాలు పట్టుకుని, "హైలెస్సా" అని లాగారు. తమ్ముడు ఒక్క ఊపున బయటికి వచ్చి, వంటింటి నేల మీద, అన్నం పెట్టుకు తినొచ్చని పేరున్న నేల మీద, బోర్లా పడ్డాడు.

ఆరేళ్ళ బూజు అతనితోపాటు వచ్చింది. తల మీద తలపాగాలా, భుజాల మీద శాలువాలా, చెవుల నుంచి జూకాలలా వేలాడుతోంది. అక్క కళ్ళు మూసుకుంది. పక్కనే అత్తగారు గట్టిగా ఊపిరి పీల్చుకోవటం వినిపించింది.

"కదలకు," అన్నాడు మేస్త్రి.

"అరెస్టు చేస్తున్నారా బావా? డిటెక్టివ్‌నే!"

"కదలకన్నానా!" మేస్త్రి గొంతు పదకొండేళ్ళలో అంత పైకి ఎప్పుడూ లేవలేదు. పరిగెత్తి పట్టకారు తెచ్చి, తమ్ముడి వీపు మీద వంగి, చొక్కాకి అతుక్కున్న తెల్లటి బిళ్ళ ఒకదాన్ని వజ్రపు రవ్వలా తీశాడు. వెలుతురుకి ఎత్తి చూశాడు. "ఖాళీ గూడు. చిరగలేదు."

"ఒకటి," అంది అత్తగారు.

మెడ మీద ఒకటి. జుట్టులో ఒకటి. నడుము దగ్గర ప్యాంటు మడతలో ఇంకొకటి. నాలుగు. మేస్త్రి టార్చి వేసుకుని అటకలోకి తొంగిచూశాడు. మిగతావాటి సంగతి తమ్ముడి మోచేతులూ భుజాలూ చూసుకున్నాయి. ఒక్కటీ మిగల్లేదు.

గడియారం రెండు చూపిస్తోంది. "నాలుగంటే నాలుగే," అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. "మిగతా ఐదింటికీ కాగితమే పెడదాం బాబూ. ఏం చేస్తాం."

అక్క కళ్ళు తెరిచి, తన నేల మీది బూజుని, పెద్దాయన చేతుల్ని, భర్త పట్టకారుని చూసింది. ఊడ్చేశానని రెండుసార్లు ఒప్పుకుంది, రెండుసార్లూ నాలుక తిరిగింది. ఇప్పుడు చెప్పాల్సిన మాటకి తిరగటం లేదు. అత్తగారు పక్కనే ఉంది.

"బీరువా వెనక చూడండి," అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"పడగ్గదిలో బీరువా వెనక. జరపటం నా వల్ల కాక, నాలుగేళ్ళ నుంచి..." మిగతా మాట మింగేసింది.

బీరువా జరిపారు. రెండు దొరికాయి. అత్తగారు "ఆరు" అంది. ఆ గొంతులో ఏముందో అక్క తల తిప్పి చూడలేదు.

"నిలువుటద్దం వెనక," అంది. అక్కడొకటి. "ఏడు."

"ఫ్రిజ్ వెనక." అక్కడ మూడున్నాయి. రెండింట్లో గుడ్లున్నాయని మేస్త్రి వాటిని కదపలేదు. "ఎనిమిది."

అక్క గోడకి ఆనుకుంది. ఇక లేవు. తను దాచుకున్నవన్నీ అయిపోయాయి. ఇల్లంతా తిరిగి, పుట్టింటివాళ్ళకి కూడా చెప్పని మూలలన్నీ చూపించాక, ఒక్కటి తక్కువైంది.

అత్తగారు చేతిలోని సూది చొక్కాకి గుచ్చి, ముందుకొచ్చింది. "నా మంచం తలవైపు పలక ఉంది చూడు, దాని వెనక గోడకి ఒకటుంది," అంది మేస్త్రితో.

"నీకెలా తెలుసమ్మా?"

"రెండేళ్ళ నుంచి తెలుసు."

అక్క నోరు తెరుచుకుంది. "మరి నాకు చెప్పలేదేం అత్తయ్యా?"

"చెబితే ఊడ్చేస్తావుగా," అంది అత్తగారు. "మనిద్దరికీ ఎప్పుడైనా గట్టిగా మాటా మాటా వస్తే పనికొస్తుందని ఉంచుకున్నాను. రాలేదు. తీసుకో, తొమ్మిది."

మేస్త్రి బెంచీ మీద బుర్రలు బోర్లించి, చిల్లుల చుట్టూ జిగురు రాస్తున్నాడు. అక్క ఒక్కో పొరా అరచేతిలో పెట్టి అందిస్తోంది. ఊపిరి బిగబట్టింది, ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత పలచగా ఉన్నాయి. ఏడో పొర అంటించాక ఆయన తలెత్తకుండానే అడిగాడు.

"సున్నాలు ఎందుకు వదిలేశావు?"

"అన్నీ ఊడ్చినట్టు మీకు తెలియాలని."

మేస్త్రి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని ఆవిడ భయపడింది. నవ్వుతున్నాడు. పదకొండేళ్ళ క్రితం తబలా మీద కూడా బాకీ పడ్డ నవ్వుతో కలిపి నవ్వుతున్నట్టు, చాలాసేపు నవ్వాడు. "నంబర్లు వేసేబదులు, ఇవి కావాలి అని రాయొచ్చు నేను," అన్నాడు. ఆయన జీవితంలో మాట్లాడిన పొడవైన వాక్యాల్లో అదొకటి.

ఐదున్నరకి అందరూ బడి హాలుకి బయల్దేరారు. దారిలో తమ్ముడు తన పుస్తకం మూసి, కేసు తేల్చేశాడు.

"దొంగలు సాలీళ్ళే," అన్నాడు. "వాటి ఇళ్ళు అవి పట్టుకుపోయి అటకలో దాచుకున్నాయి. నేను ప్రాణాలకి తెగించి వాటి స్థావరం మీద దాడి చేశాను. సొత్తు దొరికింది. బావ నిర్దోషి. అక్కా, నీ త్యాగం అవసరం లేకపోయింది."

"నిజమే బావమరిదీ," అన్నాడు మేస్త్రి గంభీరంగా. "నువ్వు లేకపోతే ఏమయ్యేదో." ఆ మాటలో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు, అదే విచిత్రం.

హాలు కిటకిటలాడుతోంది. మూడొందలమంది ఉంటారు. వీధిలో వాళ్ళందరూ వచ్చారు. టీచరమ్మ అకార్డియన్ రొప్పకుండా పాడింది, ఇరవై ఆరుగురు పిల్లలూ పడవని ఇరవై ఆరు వైపులకి నడిపినా చివరికి ఒడ్డు చేర్చారు. ఆఖర్న పెద్దాయన కూర్చున్నాడు. ముందు వరసలో చివరి కుర్చీలో, తెల్లటి జుట్టు ముడి వేసుకున్న ఒకావిడ కూర్చుంది. గురువుగారి కూతురు ఆవిడే.

మట్టి తవ్వే పాట మొదలైంది. ఆయన పిలిచాడు, పిల్లలు పలికారు. మళ్ళీ పిలిచాడు, మళ్ళీ పలికారు. చివరికొచ్చేసరికి ఆయన గొంతు ఆపేశాడు, పిల్లలు ఆపేశారు, పలకలు మాత్రం మోగాయి. జుమ్మని, ఒకదాని వెనక ఒకటి, పద్దెనిమిది పలకలూ, ఒక్కదానికీ గొంతు బొంగురుపోకుండా. ముందు వరసలో ఆవిడ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. అక్కకి తన కళ్ళు ఎందుకు మసకబారాయో తెలియలేదు. ఫ్రిజ్ వెనక గూడు ఇంత బాగా పాడుతుందని ఎవరనుకుంటారు?

చప్పట్లు ఆగాక పెద్దాయన మైకు అందుకున్నాడు.

"మా గురువుగారికి ఒక అలవాటుండేది. పాటయ్యాక, ఈ గొంతు ఎవరింట్లోంచి వచ్చిందో పేరుపేరునా చెప్పి, నలుగురిలో దణ్ణం పెట్టేవారు. ఇవాళ ఆ భాగ్యం నాది." ఆయన మూడో వరసలోకి చెయ్యి చాపాడు. "అదిగో, మేస్త్రిగారి భార్య. ఈ తొమ్మిది సాలెగూళ్ళూ ఆ తల్లి ఇంట్లోవే. అటకలో నాలుగు, బీరువా వెనక రెండు, నిలువుటద్దం వెనక ఒకటి, ఫ్రిజ్ వెనక ఒకటి, పెద్దావిడ మంచం దగ్గర ఒకటి. లేమ్మా, ఒకసారి నిలబడు!"

మూడొందలమంది మెడలు తిరిగాయి. వీధి వీధంతా అందులో ఉంది. అక్క నిలబడింది. పక్కన తమ్ముడు కూడా నిలబడి, నాలుగు దిక్కులా నమస్కారం పెట్టాడు. చప్పట్లు మోగుతున్నాయి. అందరికంటే గట్టిగా కొడుతున్నది ఎవరో అక్క తల తిప్పకుండానే గుర్తుపట్టింది. అత్తగారే.

గురువుగారి కూతురు వరసలన్నీ దాటుకుని వచ్చి, అక్క రెండు చేతులూ పట్టుకుంది.

"మా నాన్న గొంతు తిరిగిచ్చావు తల్లీ," అంది. "మీ ఇల్లు ఎప్పుడూ ఇలాగే ఉండాలమ్మా."

అక్క అత్తగారి వైపు చూసింది.

"ఉంటుంది," అంది అత్తగారు. "నేను దగ్గరుండి చూసుకుంటాగా."